గూట్లో రాలిన మాటలు

రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే గుసగుసయ్య నాటకశాల వెనక తలుపు తీసుకుని లోపలికి వెళ్ళేవాడు. చీకట్లో కుర్చీల మధ్య నుంచి నడిచి, వేదిక ముందు అంచున నేలలో తవ్విన గూట్లోకి దిగేవాడు. ఆ గూటికి జనం వైపు బోర్లించిన బుట్టలాంటి కప్పు, వేదిక వైపు కిటికీ అంత సందు. లోపల ఒక ముక్కాలిపీట, ఒక చిన్న బల్బు, ఒళ్ళో నాటకం పుస్తకం. అంతే. అందులో రెండో మనిషికి చోటు లేదు. పిల్లికి కూడా లేదు. ఊడ్చే ఆమెను సైతం ఆయన అందులోకి దిగనిచ్చేవాడు కాదు. "నా గూడు నేనే తుడుచుకుంటాను" అనేవాడు.

ఆయన పని మాట అందించడం. ఆ నాటక కంపెనీ పద్ధతే వేరు. వారం వారం నాటకం మారిపోతుంది కాబట్టి వేషం వేసేవాళ్ళు పాఠం బట్టీ పట్టరు. గూట్లోంచి గుసగుసయ్య అరక్షణం ముందు మాట వదులుతాడు, పైన వేషధారి దాన్ని అందుకుని గర్జిస్తాడు. పాలు పితికేటప్పుడు పొదుగుకీ చెంబుకీ మధ్య ధార తెగనట్టు, ఆయనకీ వాళ్ళకీ మధ్య మాట తెగేది కాదు. ఆ గుసగుస మామూలుది కాదు. ముందు వరసలో కూర్చున్నవాళ్ళ చెవులన్నీ తప్పించుకుని, తిన్నగా వెళ్ళి చేరాల్సిన చెవిలోనే దిగేది. ఒకసారి సేనాపతి వేషం వేసినవాడు నిలువుకాళ్ళ మీద నిద్రపోతే, ఆ గుసగుస పట్టుకుని నిద్రలోనే నాలుగు పేజీలు చెప్పి, యుద్ధం చేసి, చచ్చిపోయే చోట చచ్చిపోయి, చప్పట్లకి మెలకువ వచ్చి "ఏమైంది?" అని అడిగాడు. చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు, కావాలంటే అడగొచ్చు.

ఇక రాణిగారి సంగతి. మహారాణి వేషాలన్నీ ఆవిడవే, అందుకే ఆ పేరు. ఆవిడ నవ్వితే పైకప్పు మీద పావురాలు లేచిపోయేవి. ఏడిస్తే వీధి చివర క్షౌరశాలలో సగం గడ్డం గీయించుకున్నవాళ్ళు సబ్బు నురగతోనే పరిగెత్తుకొచ్చి "ఎవరు పోయారు?" అని అడిగేవారు. అంతటి ఆవిడకి కూడా మాట గుసగుసయ్యే అందించాలి. "నా నోరు నాదే గానీ నాలుక గూట్లో ఉంది" అని ఆవిడే నవ్వుతూ చెప్పేది.

ఆ నాటకశాలలో ఎవరైనా అనాల్సిన మాట అనకపోతే అది రాలిపోతుంది. ఎవరి దగ్గర ఆగిపోయిందో వాళ్ళ కాళ్ళ దగ్గరే, ఉల్లిపొర అంత పల్చగా, రంగూ రుచీ లేకుండా పడి ఉంటుంది. అరచేతిలో పెట్టుకుని కాస్త వెచ్చబెట్టి చెవి దగ్గర పెడితే, మింగినవాళ్ళ గొంతుతోనే ఆ మాట వినిపిస్తుంది. గడప దాటించి బయటికి తీసుకెళ్తే మాత్రం ఉత్త దుమ్ము. ఆట అయ్యాక ఊడ్చే ఆమె వేదికంతా ఊడ్చి, "ఇవాళ వేరుశనగ పొట్టుకన్నా మాటలే ఎక్కువున్నాయమ్మా" అని విసుక్కునేది. అంతకుమించి ఎవరూ వాటిని పట్టించుకునేవారు కాదు.

గుసగుసయ్యకి కష్టం మొదలైంది కొత్త నాటకంతో. పాత నాటకాలైతే పుస్తకం ఒళ్ళో అలంకారానికే, అన్నీ గొంతులోనే ఉండేవి. కొత్తది చూసి చదవాలి. చూస్తే అక్షరాలు చీమల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. పుస్తకం కాస్త దూరం జరిపితే దిగుతున్నాయి. రోజురోజుకీ జరుపుతూ జరుపుతూ పోయాడు. ఇంట్లో అయితే చెయ్యి చాపినంత దూరం ఉంది. గూట్లో ఎక్కడిది? ఒకరోజు మోచెయ్యి ఇంకా వంగి ఉండగానే పుస్తకం చెక్క గోడకి తగిలింది. ఇక జరగడానికి చోటు లేదు.

సరిగ్గా ఆ సాయంత్రమే అది జరిగింది. కోట కూలిపోయిన ఘట్టం. మంత్రి వేషధారి రాణిగారి ముందు మోకరిల్లి, "ఆ రోజు గుర్తుందా మహారాణీ?" అని అడిగాడు. ఆవిడ గూటి వైపు చెవి ఒగ్గి నిలబడింది. గుసగుసయ్య వేలు పేజీ మీద తడుముతోంది. పై వరసా కాదు, కింది వరసా కాదు, మధ్యలో అంతా బూడిద. నోట మాట రాలేదు. మంత్రి చెమటలు కక్కుతూ మళ్ళీ అడిగాడు, "గుర్తుందా మహారాణీ?" ఆవిడ పెదాలు కదిలాయి, మాట లేదు. వెనక బెంచీల నుంచి ఎవడో, "లేదటరా, ఇంటికి పంపండి పాపం!" అని అరిచాడు. హాలంతా పగలబడి నవ్వింది.

తెర పడ్డాక రాణిగారు కిరీటంతోనే గూటి దగ్గరికొచ్చి వంగింది.

"ఏమయ్యా, నువ్వు మాట అందించావా?"

"అందించానమ్మా" అన్నాడు గుసగుసయ్య.

ఆలోచించి అన్నది కాదు. వేడి గిన్నె తగిలితే చెయ్యి వెనక్కి లాక్కున్నట్టు అనేశాడు. గుడ్డి ప్రాంప్టరుని ఏ కంపెనీ ఉంచుకుంటుంది? అదొక్కటే ఆ క్షణాన తోచింది.

ఊడ్చే ఆమె దీపం పట్టుకుని రాణిగారు నిలబడిన చోటంతా వెతికింది. ఒక్క పొర కూడా లేదు. అక్కడే పుకారు పుట్టింది. మరిచిపోతే రాలాలి కదా? రాలలేదంటే నోటి దాకా రాలేదన్నమాట, తలలోనే ఎండిపోయిందన్నమాట అన్నారు. మరో రెండు ఆటల్లోనూ అదే జరిగింది, ఆవిడ కాళ్ళ దగ్గర నేల శుభ్రంగానే ఉంది. రాణిగారి తల్లి కడపటి రోజుల్లో కూతురి మొహం చూసి "నువ్వెవరమ్మాయ్, ఎవరింటికి వచ్చావు?" అని అడిగేదట. ఆ సంగతి కంపెనీలో అందరికీ తెలుసు. అందరికన్నా రాణిగారికి తెలుసు. ఆవిడ ఎవరి చేతా చెప్పించుకోకుండా, మేనేజరు గదికి వెళ్ళి వేషం తనే వదిలేసుకుంది. ఎవరూ లేని మనిషి. ఊరి చివర మతి తప్పిన పెద్దవాళ్ళని ఉంచుకునే ఇల్లు ఒకటుంది, అక్కడ గది మాట్లాడుకుంది. "నాకు నేను గుర్తున్నప్పుడే వెళ్ళిపోవాలి. ఆ తర్వాత ఎవరో మోసుకెళ్తారు, అది నాకొద్దు" అందట.

గుసగుసయ్య ఆ సంగతి విన్నాడు. మర్నాడే నాలుగు వీధులవతల, తనని ఎరిగినవాళ్ళు లేని చోట, కళ్ళద్దాల షాపులో డాక్టరమ్మ ముందు కూర్చున్నాడు.

"అక్షరాలు ఎన్నాళ్ళ నుంచి పారిపోతున్నాయండీ?" అంది ఆవిడ కంట్లోకి లైటు కొడుతూ.

"ఈ మధ్యే."

"ఈ మధ్యే అని అందరూ అంటారు. వయసుతో వచ్చేదేనండీ, లోపలి కటకం బిగుసుకుపోతుంది. చదువుకునే అద్దాలు రాస్తాను."

"అద్దాలు పనికిరావమ్మా. దీపానికి తళతళలాడతాయి, పైన వేషం వేసేవాళ్ళ కళ్ళలో కొడతాయి. పైగా పుస్తకం ఇక్కడ, వేషధారి పెదాలు అక్కడ. అద్దం దించి ఎత్తేలోపు రాజ్యం పోతుంది."

డాక్టరమ్మ నవ్వి, గోరంత లెన్సు ఒకటి వేలి కొసన నిలబెట్టి చూపించింది. "అయితే కాంటాక్టు లెన్సులు పెట్టుకోండి. ఒక్కదాంట్లోనే ఉంగరంలో ఉంగరంలా దగ్గర చూపుకొకటి, దూరం చూపుకొకటి ఉంటాయి. ఏది ఎప్పుడు వాడుకోవాలో మెదడే నేర్చుకుంటుంది. కొన్నాళ్ళు దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, కంగారు పడకండి. మసక వెలుతుర్లో కాస్త తేడాగా ఉంటుంది, పెద్ద బల్బు పెట్టించుకోండి. చేతులు కడుక్కోకుండా ముట్టుకోవద్దు. పెట్టుకుని పడుకోవద్దు."

"ఇన్నాళ్ళూ ఇవి ఉన్నాయా?"

"ఉన్నాయండీ. ఎందుకలా అడిగారు?"

ఆయన లెన్సుల డబ్బా జేబులో వేసుకుని లేచాడు.

పొద్దున్నే వంటింటి అద్దం ముందు లెన్సు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. అది కంట్లోకి తప్ప అన్ని చోట్లకీ వెళ్ళింది. మీసం మీద అంటుకుంది, కాఫీలో పడబోయింది, ఒకసారి చెవి దగ్గర దొరికింది.

"ఏవండీ, కంట్లో వేలు పెట్టుకుని ఏడుస్తున్నారేంటి?" అంది భార్య.

"ఏడవట్లేదే, పెట్టుకుంటున్నాను."

"ఇప్పుడే కదా మిరపకాయలు తరిగారు. చేతులు కడిగారా?"

కడిగొచ్చాడు. చివరికి పట్టు దొరికింది, రెండూ కూర్చున్నాయి. రెప్పలల్లార్చి పక్కకి తిరిగితే భార్య చెయ్యి కనిపించింది. చూపుడువేలి మీద కాలిన మచ్చ.

"ఇదెప్పుడు కాలింది?"

"నిరుడు. చూపించాను కదా మీకు. చూసి, 'ఏం లేదులే' అన్నారు."

"చెప్పొచ్చు కదే, చాలా కాలిందని."

"మీకు కనిపించిందనే అనుకున్నాను" అంది ఆవిడ మామూలుగా, కూర కలుపుతూ.

ఆ మాటే మోసుకుంటూ ఆయన నాటకశాలకి వెళ్ళాడు. కొత్త బల్బు బిగించి స్విచ్చి వేశాడు. బల్బు చుట్టూ వలయాలు తిరిగాయి, తిరిగి తిరిగి నెమ్మదించాయి. పుస్తకం తెరిస్తే ఒక్కో అక్షరం స్నానం చేసి వచ్చినట్టు నిలబడి ఉంది. సంతోషం పట్టలేక కాళ్ళు చాపుకున్నాడు. కింద ఏదో గలగలమంది. ఇన్నాళ్ళూ కప్పు నుంచి రాలే సున్నం అనుకుని కాలితో తోసేస్తున్నదే. వంగి చూశాడు.

పీట చుట్టూ, గోడల మూలల్లో, తన చెప్పుల కింద, ఉల్లిపొరల్లా మాటలు. గుప్పెడు కాదు, చీమలపుట్ట అంత కుప్ప.

ఒకటి తీసి అరచేతిలో వెచ్చబెట్టుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. తన గుసగుసే. "గుర్తుంది మంత్రీ, అంతా గుర్తుంది." ఆ సాయంత్రం రాణిగారికి అందించాల్సిన మాట. ఇంకోటి తీశాడు, రెండో ఆటది. ఇంకోటి, మూడో ఆటది. అంతకుముందు ఎవరెవరో వేషధారులు తడబడితే నవ్వుకున్నాడే, అవి కూడా ఇక్కడే ఉన్నాయి, తన గొంతుతో. అన్నిటికన్నా అడుగున పీట కాలికి అంటుకుని ఒకటి. అది నాటకంలోది కాదు. "అందించలేదమ్మా" అంటోంది.

 గుసగుసయ్య జేబురుమాలు పరిచి అన్నిటినీ ఏరి మూట కట్టాడు. నోటితో చెప్పలేకపోయినా ఇవి ఆవిడ ముందు పోస్తే చాలు, అవే చెప్తాయి అనుకున్నాడు. గడప సంగతి ఆయనకి తెలియనిది కాదు. తప్పు చేసినవాడికి తెలిసినవే ముందు గుర్తు రావు.

రాణిగారి ఇంట్లో సామాను సగం కట్టేసి ఉంది. ఆవిడ పెట్టె మీద కూర్చుని, గోడకేసి చూస్తూ ఏదో గొణుక్కుంటోంది. గుసగుసయ్య గుమ్మంలో ఆగి విన్నాడు. చిన్నప్పటి వీధి పేరు, ఎదురింటివాళ్ళ పేర్లు, వాళ్ళ కుక్క పేరు వరసగా చెప్పుకుంటోంది. ఒక చోట ఆగి, గుండె మీద చెయ్యి వేసుకుని, ఆ పేరు దొరికాక ఊపిరి వదిలింది. అప్పుడు ఆయన్ని చూసింది.

"రావయ్యా! ఇదిగో, రోజూ లెక్క చూసుకుంటున్నాను, ఎవరు పోయారో ఎవరు మిగిలారో. ఆ మూటేంటి?"

ఆయన ముడి విప్పాడు. రుమాలు నిండా బూడిదరంగు దుమ్ము.

రాణిగారు దుమ్ముని చూసింది, ఆయన్ని చూసింది. "ఏమిటిది?"

"గూట్లో... గూట్లోదమ్మా."

"గూట్లో దుమ్ము నాకు తెచ్చావా?" పకపకా నవ్వింది. అంత దిగుల్లోనూ ఆ నవ్వుకి కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. "బాగుందయ్యా! మతి పోయింది నాకనుకుంటే నీకూ పోయిందే! పక్క గది నీకు మాట్లాడమంటావా?"

ఆయన నవ్వలేకపోయాడు. అది చూసి ఆవిడ నవ్వాపి, ఆయన భుజం తట్టింది. "బాధపడకయ్యా. నువ్వేం చేస్తావు? నువ్వు అందించావు. నేనే అందుకోలేకపోయాను. పిలిచినవాడు అరుస్తూనే ఉంటే వినపడనివాళ్ళది కదా తప్పు. బండి రేపు పొద్దున్నే వస్తుంది."

గుసగుసయ్య గొంతు దాకా మాట వచ్చింది. ఆవిడ మంచినీళ్ళు ఇచ్చింది. నీళ్ళతోపాటు దాన్నీ మింగేసి, దుమ్ము మళ్ళీ మూటకట్టుకుని బయటపడ్డాడు. దారంతా ఆవిడ తట్టిన భుజం మండుతూనే ఉంది.

మర్నాడు పొద్దున మేనేజరు గది మెట్లెక్కాడు. ఆ గది నాటకశాల పై అంతస్తులో, ఆ మెట్లో, ఏనుగు ఎక్కినా ఆయాసపడి మధ్యలో కూర్చోవాల్సినవి. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి బూట్లు పాలిష్ చేసుకుంటున్నాడు.

"ఏమయ్యా, పొద్దున్నే?"

"అదే సార్..."

"ఏదే?"

"కొత్త బల్బు సార్. చాలా బాగుంది."

మేనేజరు బూటు దించాడు. "బల్బు బాగుందని చెప్పడానికి ఇన్ని మెట్లెక్కొచ్చావా?"

"అవున్సార్."

"సంతోషం. వెళ్ళి పని చూసుకో. కొత్తమ్మాయి మహారాణి వేషంలో తడబడి చస్తోంది, దానికి కాస్త గట్టిగా అందించు."

"సరే సార్" అని గుసగుసయ్య వచ్చినంత నెమ్మదిగానే దిగిపోయాడు. ఒక్కో మెట్టూ దిగుతూ తనని తాను తిట్టుకున్నాడు. తిట్లు మాత్రం దండిగా వచ్చాయి, ఒక్కటీ రాలలేదు.

మేనేజరు రెండో బూటు కోసం వంగినప్పుడు నేల మీద పరిచిన పట్టా మీద పల్చగా ఏదో కనిపించింది. వేదిక మీద రాలేవి తన గదిలోకి ఎలా వచ్చాయా అని తీసి, అరచేతిలో పాలిష్ మరకల మధ్య వెచ్చబెట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"తప్పు నాది సార్. నాకు అక్షరం కనిపించలేదు, అందించలేదు. అందించానని అబద్ధమాడాను. ఆవిడ మతికి ఏమీ కాలేదు."

రెండోసారి విన్నాడు. మూడోసారి వినలేదు, ఫోను తీశాడు. రాణిగారు అప్పటికే గుమ్మానికి తాళం వేసి, తాళంచెవి పక్కింటావిడ చేతిలో పెడుతోంది. లోపల ఫోను మోగింది. పోనిద్దాం అనుకుంది. ఎందుకో మళ్ళీ తాళం తీసింది.

పొరలూ రాలడాలూ వివరించే ఓపిక మేనేజరుకి ఎప్పుడూ లేదు. "మీ గుసగుసయ్య నా దగ్గరికొచ్చి ఒప్పుకున్నాడండీ, మాట వాడే అందించలేదట, మీ తలకేం కాలేదు, సాయంత్రం వేషం మీదే" అన్నాడు.  ఆ చివర్నుంచి ఏడుపు వినిపించింది. ఆ ఏడుపు ఫోనులో ఒక్కరికే సరిపోయేది కాదు. వీధిలో బండివాడు చక్రం పట్టుకుని ఏడ్చాడు, పక్కింటావిడ ఏడ్చింది, ఎదురింటి తాళం కూడా ఏడ్చిందని అంటారు. కట్టిన సామానంతా బండి దిగింది. ఊరి చివర ఇంట్లో గది ఖాళీగానే ఉండిపోయింది.

మధ్యాహ్నం గుసగుసయ్య వెనక తలుపు తీసుకుని వచ్చేసరికి వేదిక మీద దీపం వెలుగుతోంది. మధ్యలో రాణిగారు నిలబడి ఉంది, మామూలు చీరలో, కిరీటం లేకుండా. పై అంతస్తు మెట్ల మీద మేనేజరు. పక్కన వడ్రంగి కోట గోడకి మేకులు కొడుతున్నాడు.

"రావయ్యా పైకి. గూట్లోకి కాదు, ఇటు."

ఆయన పైకెక్కాడు. ముప్ఫై అడుగుల వేదిక మీద ఆయనకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లెన్సుల పుణ్యమా అని ఆవిడ మొహం గీతగీతా కనిపిస్తోంది. రాత్రంతా నిద్రలేని మొహం, ఒక్క రాత్రి కాదు, ఎన్నో రాత్రులు.

"నాకు చాలా కోపంగా ఉందయ్యా" అంది ఆవిడ. "మా అమ్మని తలుచుకుని నేను ఎన్నిసార్లు చచ్చానో నీకు తెలియదు. నిన్ను ఉంచాలో పంపాలో మేనేజరుగారు నా మీదే వదిలేశారు. దారంతా పంపేద్దామనే అనుకున్నాను. కానీ, వెళ్ళి నీ అంతట నువ్వే చెప్పావట. దానికి గుండె కావాలి. అది మాత్రం ఒప్పుకుంటాను."

గుసగుసయ్య నోరు తెరిచాడు. తల ఊపితే సరిపోతుంది, గూడు మిగులుతుంది. తల ఊపలేదు. కాదని కూడా అనలేదు. చెప్పుల దగ్గర చిన్న సవ్వడి అయింది. ఆయన చటాలున కుడికాలు జరిపి దాని మీద వేశాడు.

రాణిగారు ఆయన మొహం చూసింది, తర్వాత కాలు చూసింది.

"కాలు తియ్యి."

"అమ్మా..."

"కాలు తియ్యవయ్యా."

తీశాడు. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని వంగి, పొరని తీసి, వెచ్చబెట్టి విన్నది. విన్నంతసేపూ కళ్ళు ఆయన మీదే ఉంచింది. "నేను చెప్పలేదమ్మా. అక్కడా చెప్పలేకపోయాను. అక్కడ కూడా మాట రాలే ఉంటుంది." ఆ పొరని నెమ్మదిగా రెండు వేళ్ళ మధ్య నలిపేసింది.

"ఇది నాకక్కర్లేదు" అంది. "నీ నోటితో చెప్పు. నాకు చెప్పక్కర్లేదు, ఆ వెనక బెంచీల దాకా చెప్పు. అక్కడి నుంచే కదా నవ్వారు."

వడ్రంగి సుత్తి ఆగిపోయింది. గుసగుసయ్య హాలు వైపు తిరిగాడు. ఇన్నేళ్ళూ వీపు పెట్టి కూర్చున్న ఆ ఖాళీ కుర్చీలు, వరస వెనక వరస, చివరిదాకా స్పష్టంగా కనిపిస్తున్నాయి. అన్ని రాజ్యాలకీ మాట అందించినవాడి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. నిలబడ్డాడు.  పెదాలు కదిలాయి, మాట లేదు.

అప్పుడు వెనక నుంచి, అరక్షణం ముందుగా, ఎవరికీ వినపడకుండా ఆయన చెవిలోనే దిగేటట్టు రాణిగారు అందించింది.

"తప్పు..."

గుసగుసయ్య అందుకున్నాడు.